నెలలు నిండని బిడ్డకు నీటి బుడగల ఊపిరి

“ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకును, ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకదు” అను మాట మన గ్రామములలో తరతరములుగా వినవచ్చుచున్నది. గుంటూరు మిరప చేలలోను, ఒంగోలు వైపు పత్తి, పొగాకు పొలములలోను పనిచేయు పెద్దలలో నేటికిని దీనిని నమ్మువారు కలరు. ఈ మాటకు శాస్త్రమున ఆధార మేమియు లేదు. తల్లి గర్భమున గడచిన ప్రతి వారమును బిడ్డ బలమును పెంచునదే కాని తగ్గించునది కాదు. ఎనిమిదవ నెల బిడ్డకు ఏడవ నెల బిడ్డకంటె బ్రతుకు అవకాశము ఎక్కువ.

ఐనను ఈ నమ్మకము వలన కలుగు కీడు చిన్నది కాదు. “ఎట్లును దక్కని బిడ్డ” అని ఇంటివారు ఆసుపత్రికి పోవుటలో జాగు చేయుదురు. ఆ జాగులో బిడ్డ చల్లబడును, ఊపిరి అలసిపోవును, ప్రాణము పోవును. అంతట “చూచితిరా, పెద్దల మాట నిజమైనది” అందురు. బిడ్డను తీసికొనిపోయినది ఎనిమిదవ నెల కాదు, చేతులు కట్టుకొని కూర్చున్న ఆ కొద్ది గంటలే.

ఇట్టి బిడ్డలకు ఊపిరి నిలుపుటకు నేడు సులభమైన సాధన మొకటి కలదు. గొంతులోనికి గొట్టము దింపకుండ, ముక్కు ద్వారముననే మెల్లని ఒత్తిడితో గాలి నిచ్చు ఆ పద్ధతిని వైద్యులు సీపాప్ అందురు. యంత్రము పట్టణపు ఆసుపత్రిలో నుండును. కాని అది పనికివచ్చునా, రాదా అనునది చాలవరకు గ్రామముననే తేలుచున్నది. అందుచేతనే ఈ విషయము పంచాయతీ సభ్యులు తెలిసికొనదగినది.

తక్కువ బరువు అనగా నేమి?

పుట్టినప్పుడు 2,500 గ్రాములకు లోపు తూగు బిడ్డను తక్కువ బరువు గల శిశువుగా లెక్కింతురు. 1,500 గ్రాములకు లోపైనచో మిక్కిలి తక్కువ బరువు. ఇట్టి బిడ్డలు రెండు తెగలు. నెలలు నిండకముందే, అనగా 37 వారములు పూర్తి కాకముందే పుట్టినవారు ఒక తెగ. నెలలు నిండియు, గర్భమున తగిన పోషణ లేక సన్నగా పుట్టినవారు రెండవ తెగ. ఇరువురికిని వెచ్చదనము, పాలు, శుభ్రత అవసరమే. కాని ఊపిరి కష్టము ముఖ్యముగా మొదటి తెగవారిని పట్టి పీడించును.

కారణములు మన కండ్ల ఎదుట నున్నవే. తల్లి రక్తహీనత, రక్తపు పోటు, కవల పిల్లలు, కాన్పునకు కాన్పునకు నడుమ ఎడము లేకుండుట, మూత్ర సంబంధమైన అంటురోగములు, పొగాకు వాడకము, పసి వయసున పెండ్లి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో 20 నుండి 24 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 29 మందికి పైగా 18 ఏండ్లు నిండకముందే వివాహమైనవారు. తన ఎదుగుదలయే పూర్తికాని తల్లి బిడ్డకు నిండు బరువు ఎట్లు ఇయ్యగలదు?

ఊపిరి ఏల అందదు?

మన ఊపిరితిత్తులలో వాయుగోణులు అను సన్నని గాలి గదులు కోట్లకొలది కలవు. వాటి లోపలి గోడలు తడిగా నుండును. తడి వస్తువులు ఒకదాని నొకటి అంటుకొను స్వభావము కలవి. విచ్చిన పత్తికాయలో పొడి దూది ఎంత గాలిని పట్టుకొనియుండునో, అకాల వర్షమునకు తడిసినంతనే ఎట్లు ముద్దకట్టునో పత్తి రైతునకు చెప్పనక్కరలేదు. గాలి గదులు ఇట్లు ముద్దకట్టకుండ భగవంతుడు ఒక పదార్థమును ఏర్పరచినాడు. దానిని సర్ఫాక్టెంటు అందురు. సబ్బు నీరు తేలికగా బుడగలై నిలుచునట్లు, ఈ పదార్థమున్న గాలి గదులు విచ్చుకొని నిలుచును.

ఈ పదార్థము గర్భమున చివరి నెలలలో గాని చాలినంత తయారు కాదు. ముందుగా పుట్టిన బిడ్డకు అది కొరత. ఊపిరి విడిచిన ప్రతిసారి గాలి గదులు మూసికొనిపోవును. మరల పీల్చునప్పుడు వాటిని క్రొత్తగా తెరువవలెను. క్రొత్త రబ్బరు బుడగను ఊదునప్పుడు మొదటి ఊపే కష్టము. కొంచెము ఉబ్బిన బుడగను ఊదుట సులభము. పాపము, ఈ బిడ్డకు ప్రతి ఊపిరియు మొదటి ఊపిరియే. నిమిషమునకు 60 సార్లకు పైగా ఊపిరి తీయుచు, మూలుగుచు, డొక్కలు ఎగురవేయుచు ఆ పసికందు పోరాడును. కొన్ని గంటలకు అలసిపోవును. ఇంకను లేత నెలల బిడ్డ ఊపిరి తీయుటనే అప్పుడప్పుడు మరచిపోవును.

తెలిసిన కారణము, దొరకని మందు

ఈ రహస్యమును 1959లో అమెరికా వైద్యురాలు మేరీ ఎల్లెన్ ఏవరీ, ఆమె సహచరుడు జీర్ మీడ్ కనుగొనిరి. కారణము తెలిసెను కాని చికిత్స దొరకలేదు. 1963 ఆగస్టు 7వ తేదీన అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీకి ఐదున్నర వారముల ముందుగా పాట్రిక్ అను కుమారుడు జన్మించెను. బిడ్డ బరువు రెండు కిలోలకు కొంచె మెక్కువ. నేడు మన జిల్లా ఆసుపత్రిలో సైతము గట్టి ఆశతో చూడదగిన బరువది. కాని ఆనాడు ప్రపంచములోని ధనమంతయు, వైద్యులందరును కలిసియు ఆ బిడ్డను నిలుపలేకపోయిరి. ఆగస్టు 9వ తేదీన ఆ శిశువు మరణించెను.

1971లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జార్జి గ్రెగరీ అను వైద్యుడు, ఆయన సహచరులు ఒక సులభమైన ఉపాయము పన్నిరి. బిడ్డ ఊపిరి విడిచినప్పుడు గాలి పూర్తిగా బయటికి పోనీయక కొంచెము ఒత్తిడిని నిలిపినచో గాలి గదులు మూసికొనవు కదా అనునదే వారి ఆలోచన. మిక్కిలి జబ్బుగా నున్న 20 మంది బిడ్డలకు ఇట్లు చేయగా 16 మంది బ్రతికిరి. వారిలో 1,500 గ్రాముల లోపువారు పదిమంది యుండగా, ఏడుగురు దక్కిరి. పాట్రిక్ కెన్నెడీ మరణించి అప్పటికి ఎనిమిదేండ్లు మాత్రమే.

బొప్పాయి కాడ, నీటి చెంబు

నేడు ఈ చికిత్సలో వాడుకలోనున్న వానిలో మిక్కిలి తేలికయైనది బుడగల సీపాప్. దాని కీలకము మన పిల్లల ఆటలలోనే యున్నది. బొప్పాయి ఆకు కాడను చెంబెడు నీటిలో ముంచి ఊదినచో బుడగలు వచ్చును. కాడను పైపైన ముంచినచో ఊదుట తేలిక. లోతుగా ముంచిన కొలది బలముగా ఊదవలెను. నీటి లోతే ఒత్తిడికి కొలత అన్నమాట.

ఆసుపత్రిలో చేయునది ఇదియే. గాలి, ప్రాణవాయువు తగుపాళ్ళలో కలిపి, వెచ్చజేసి, తేమ చేర్చి ఒక గొట్టము ద్వారా పంపుదురు. ఆ గొట్టము నుండి రెండు మెత్తని చిన్న మొనలు బిడ్డ ముక్కు రంధ్రములలో అమరియుండును. రెండవ గొట్టము కొనను సీసాలోని నీటిలో సాధారణముగా ఐదు సెంటీమీటర్ల లోతున ముంచెదరు. అవసరమునుబట్టి లోతును కొంత పెంచెదరు. గాలి ఆ నీటిని త్రోసికొని బుడబుడమని బుడగలుగా బయటపడును. ఆ ఐదు సెంటీమీటర్ల నీటి బరువంత ఒత్తిడి బిడ్డ ఊపిరితిత్తులలో ఎల్లప్పుడును నిలిచియుండును. గాలి గదులు మూసికొనవు. ఊపిరి తీయువాడు బిడ్డయే. యంత్రము తలుపు మూసికొనకుండ కాలు అడ్డుపెట్టిన మిత్రుని వంటిది.

సీసాలో బుడగలు వచ్చుచున్నంతసేపు ఒత్తిడి నిలిచియున్నదని గుర్తు. ఆగినచో ఎక్కడనో గాలి కారిపోవుచున్నదనియో, మొన జారినదనియో నర్సు గ్రహించి సరిచేయును. వార్డు ద్వారమున నిలిచిన తాతకైనను, అవ్వకైనను ఈ శబ్దము భయము కలిగింపరాదు. అది బిడ్డ ఊపిరికి తోడుగా నున్న శబ్దము.

గుణములు, హద్దులు

వెంటిలేటరు అను పెద్ద యంత్రము బిడ్డకు బదులుగా తానే ఊపిరి తీయును. దానికి గొంతు ద్వారా శ్వాసనాళములోనికి గొట్టము దింపవలెను. ప్రాణము నిలుపుటకు కొందరికి అది తప్పదు. కాని లేత ఊపిరితిత్తులకు దాని బలమైన త్రోపు వలన గాయమగుట, గొట్టము వెంట అంటు సోకుట కలవు. బుడగల పద్ధతిలో ఆ గొట్టముతో పనిలేదు. ఖర్చు తక్కువ, శిక్షణ పొందిన నర్సులు నడుపగలరు, బిడ్డను తల్లి రొమ్ముపై పెట్టియు కొనసాగింపవచ్చును. ఈ కారణములచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో ప్రకటించిన సిఫారసులలో, ముందుగా పుట్టి ఊపిరి కష్టముతో నున్న బిడ్డలకు సీపాప్ ఇయ్యవలెననియు, అందు బుడగల పద్ధతి మేలనియు తెలిపెను.

హద్దులు కూడ చెప్పుకొనవలెను. ముక్కు మొనలు ఒరసికొని పుండు పడవచ్చును. కడుపు ఉబ్బవచ్చును. అరుదుగా ఊపిరితిత్తికి చిల్లిపడి గాలి ఛాతీలోనికి కారవచ్చును. రాత్రింబవళ్ళు కంటికి రెప్పవలె చూచు నర్సు లేనిచో యంత్రము వ్యర్థము. ప్రాణవాయువు తక్కువైనను, ఎక్కువైనను కీడే. ఎక్కువైనచో లేత కంటి వెనుక పొరలోని రక్తనాళములు వికటించి బిడ్డ గ్రుడ్డిదగు ప్రమాద మున్నది. అందుచేతనే రక్తములోని ప్రాణవాయువును నూటికి 90 నుండి 95 పాళ్ళ నడుమ నుంచుటకు వైద్యులు ప్రయత్నింతురు. “ఇంకను గాలి పెట్టుడు” అని బంధువులు ఒత్తిడి చేయుట తగదు.

హైదరాబాదు అనుభవము చెప్పునది

ఈ చికిత్సను గూర్చి మన తెలుగునాటనే పరిశోధనలు జరిగినవి. 28 నుండి 34 వారములకు పుట్టి ఊపిరి కష్టముతో నున్న 56 మంది బిడ్డలకు బుడగల సీపాప్ ఇచ్చిన హైదరాబాదు వైద్యులు తమ అనుభవమును 2010లో ప్రకటించిరి. 42 మందికి ఆ పద్ధతి చాలినది. 14 మందికి చాలలేదు. హైదరాబాదు నవజాత శిశువైద్యులు డాక్టరు శ్రీనివాస్ ముర్కి మొదలగువారు 272 మంది బిడ్డలపై చేసి 2018లో ప్రకటించిన మరియొక పరిశోధనలో, ముక్కు గొట్టము ద్వారా వేగముగా గాలి నిచ్చు క్రొత్త పద్ధతిని సీపాప్‌తో పోల్చిరి. క్రొత్త పద్ధతి నూటికి 26 మందికి చాలకపోగా, సీపాప్ చాలనివారు నూటికి 8 మంది మాత్రమే. పాతదియైనను బుడగల సీసాయే గెలిచినది.

మొదటి పరిశోధనలో పంచాయతీ సభ్యులు గుర్తుంచుకొనదగిన మాట యొకటి కలదు. ఆ 14 మందికి చికిత్స ఏల చాలలేదని వైద్యులు వెదకిరి. రక్తమున అంటు సోకుట, గుండె నాళము మూసికొనకుండుట మొదలగు కారణములతో పాటు మరియొక కారణము తేలినది. కాన్పునకు ముందు తల్లికి ఇయ్యవలసిన ఇంజెక్షనులు అందకపోవుట, లేదా అరకొరగా అందుట. అనగా యంత్రము ఓడిపోయినది వార్డులో కాదు. అంతకుముందే, తల్లి ఆలస్యముగా బయలుదేరిన ఇంటి వాకిటనే.

పుట్టుకకు ముందే బిడ్డకు చికిత్స

ఆ ఇంజెక్షనుల సంగతి వినుడు. 1972లో న్యూజిలాండు వైద్యులు లిగ్గిన్స్, హౌవీ అనువారు, నెలలు నిండకముందే నొప్పులు వచ్చిన తల్లికి ఒక స్టెరాయిడు మందు నిచ్చినచో గర్భములోని బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వమగునని నిరూపించిరి. మన దేశమున 2014లో వెలువడిన ప్రభుత్వ మార్గదర్శకముల ప్రకారము 24 నుండి 34 వారముల నడుమ నొప్పులు వచ్చిన గర్భిణికి డెక్సామెథాసోను ఇంజెక్షను, ఒక్కొక్కటి ఆరు మిల్లీగ్రాముల చొప్పున, 12 గంటల కొకటిగా నాలుగు మోతాదు లియ్యవలెను. పెద్ద ఆసుపత్రికి పంపుటకు ముందు మొదటి మోతాదును ఏ.ఎన్.ఎమ్. సైతము ఇయ్యవచ్చును. మన దేశము సహా ఐదు దేశములలో 2,852 మంది గర్భిణులపై జరిగి 2020లో ప్రకటింపబడిన పరిశోధనలో ఈ మందు పొందిన తల్లుల బిడ్డలలో మరణములు ఆరవ వంతు తగ్గినవి.

మందు ఖరీదైనది కాదు. దానికి కావలసినది వ్యవధి. మోతాదులన్నియు పడి ఊపిరితిత్తులు బలపడుటకు ఒక దినమో, రెండు దినములో కావలెను. ఎనిమిదవ నెలలో నడుమునొప్పి, పొత్తికడుపు బిగదీయుట, ఉమ్మనీరు కారుట, రక్తము కనబడుట సంభవించినచో “తెల్లవారిన చూతము” అనరాదు. ఆ రాత్రియే బయలుదేరవలెను. నొప్పులు తగ్గిపోయినను నష్టము లేదు. తగ్గనిచో బిడ్డకు ఆ రాత్రియే ప్రాణము పోసినదగును.

కడుపులోని బిడ్డయే మంచి ప్రయాణము చేయును

మన ప్రాంతమున స్త్రీల, శిశువుల వైద్యము క్రొత్తది కాదు. 1883లో గుంటూరు వచ్చిన అమెరికా వైద్యురాలు డాక్టరు అన్నా కుగ్లర్ కృషివలన 1898లో స్త్రీలకు, శిశువులకు ప్రత్యేకముగా ఆసుపత్రి వెలసినది. ఆనాడు కాన్పునకు ఆసుపత్రి గడప త్రొక్కుటకే జనము జంకెడివారు. నేడు రాష్ట్రమున నూటికి 96 కాన్పులకు పైగా ఆసుపత్రులలోనే జరుగుచున్నవని 2019–21 సర్వే తెలిపినది. ఐనను ఆ సర్వేలోనే, సజీవముగా పుట్టిన ప్రతి వేయిమంది బిడ్డలలో దాదాపు 20 మంది మొదటి నెల దాటుట లేదని కూడ తెలిసినది. ఆసుపత్రి చేరుట ఒక్కటే చాలదు. తగిన ఆసుపత్రికి, తగిన వేళకు చేరవలెను.

నవజాత శిశువులకై ప్రత్యేక చికిత్సా విభాగములు, అనగా ఎస్.ఎన్.సి.యు. అని పిలువబడునవి, గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజనాసుపత్రుల వంటి పెద్ద ఆసుపత్రులలో నుండును. మాచర్ల నుండి గుంటూరునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. అంత దారిని 1,400 గ్రాముల బిడ్డ ఊపిరి కష్టముతో ప్రయాణము చేయుట ఎంత ప్రమాదకరమో ఆలోచింపుడు. నెలలు నిండని బిడ్డకు తల్లి గర్భమును మించిన వాహనము లేదు. కావున ముందుగా కాన్పు కాగలదని తోచిన తల్లిని, కాన్పు కాకముందే పెద్ద ఆసుపత్రికి చేర్చుటయే ఉత్తమము.

ఒకవేళ కాన్పు ముందే జరిగిపోయినచో మూడు సంగతులు మరువరాదు. మొదటిది వెచ్చదనము. బిడ్డను పొడిబట్టతో తుడిచి, తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్ముల నడుమ చర్మమునకు చర్మము తగులునట్లుంచి పైన దుప్పటి కప్పవలెను. చల్లబడిన బిడ్డకు ప్రాణవాయువు అవసరము పెరుగును. ఊపిరి మరింత క్షీణించును. ఈ బిడ్డకు వెంటనే స్నానము చేయింపరాదు. రెండవది నోటిలో ఏమియు పోయకుండుట. ఊపిరి ఆడక ఎగపోయు బిడ్డకు తేనె, చక్కెర నీరు, ఆముదము పోసినచో అవి ఊపిరితిత్తులలోనికి పోవును. మూడవది వేగము. 108 వాహనమును పిలిచి, బిడ్డ వచ్చుచున్నదని ఆసుపత్రికి ముందుగా తెలుపవలెను. నిమిషమునకు 60కి మించిన ఊపిరి, మూలుగు, డొక్కలెగురుట, పెదవులు, నాలుక నీలి రంగు దాల్చుట, ఊపిరి 20 సెకనులు ఆగుట—వీనిలో ఏ ఒక్కటి కనబడినను ఆలోచన కూడదు.

చేల గట్లపై నున్న తల్లులు

మన మైదానములకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. పత్తి తీతలు మొదలైనది లగాయతు మిరపకోతలు ముగియువరకు కర్నూలు పడమటి మండలముల వంటి మెట్ట ప్రాంతముల నుండి కుటుంబములు గుంటూరు, పల్నాడు పల్లెలకు పనికై వలస వచ్చును. పొలముగట్లపై గుడారములు వేసికొని నెలలకొలది నివసించును. వారిలో గర్భిణులును కలరు. వారి పేర్లు స్వగ్రామపు ఆశా కార్యకర్త పుస్తకములో నుండును; శరీరములు మన చేలలో నుండును. వారికి నొప్పులు వచ్చిన రాత్రి ఎవరిని పిలువవలెనో, ఏ దారిని పోవలెనో వారికి తెలియదు. కూలి పోవునను భయముతో మేస్త్రీకి సైతము చెప్పరు.

మన మిరపను కోయు చేతులు మన ఊరివి కాకపోయినను, మన పొలిమేరలో పుట్టిన బిడ్డ మన ఊరి బిడ్డయే. అంగన్‌వాడీ ఆహారము, ఏ.ఎన్.ఎమ్. పరీక్షలు, ప్రభుత్వాసుపత్రి ఉచిత కాన్పు వలస వచ్చిన తల్లికిని వర్తించును. ఆమె తల్లీబిడ్డల రక్షణ కార్డు వెంట తెచ్చుకొన్నదా, లేదా అని విచారించుట రైతునకు, మేస్త్రీకి, వార్డు సభ్యునకు గల ధర్మము.

పంచాయతీ చేయదగిన పనులు

1993లో అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఆరోగ్యమును, స్త్రీ శిశు సంక్షేమమును పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చినది. ఖర్చు లేకయే, లేదా స్వల్పమైన ఖర్చుతోనే చేయగల పనులు కొన్ని ఈ క్రింద సూచింపబడుచున్నవి.

1. ప్రతి వార్డు సభ్యుడును నెల కొకసారి ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలతో కూర్చుండి గర్భిణుల జాబితా సరిచూడవలెను. కోతల కాలమున గుడారములకు పోయి వలస గర్భిణుల పేర్లు చేర్చవలెను.

2. కవలలు, రక్తపు పోటు, తీవ్ర రక్తహీనత, పూర్వము ముందుగా కాన్పైన చరిత్ర, చిన్న వయస్సు గల తల్లులను వేరుగా గుర్తించి, ఎనిమిదవ నెల ఆరంభముననే ఏ ఆసుపత్రికి పోవలెనో నిశ్చయించియుంచవలెను.

3. 108 వాహనము రాగల దారి వానకాలమున సైతము తెరపిగా నున్నదా? అది ఆలస్యమైనచో ఆ రాత్రి బయలుదేరుటకు ఊరిలో రెండవ వాహనము ఎవరిది? ఈ వివరములు పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను.

4. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున డెక్సామెథాసోను ఇంజెక్షను నిలువ యున్నదా, పసిబిడ్డల తూనిక, జ్వరమాని సరిగా నున్నవా అని గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషకాహార సంఘ సమావేశమున అడిగి, జవాబును పుస్తకమున వ్రాయింపవలెను. నింద కొరకు కాదు. లోటు సకాలమున తీరుటకు.

5. గర్భిణులను పురుగుమందు చల్లు చేలలోనికి పంపరాదు. మిరప బస్తాలు మోయింపరాదు. ఈ మాట రైతుల సభలో బాహాటముగా చెప్పవలెను.

6. గంట బ్రతికిన బిడ్డయైనను, దాని జననమును, మరణమును 21 దినములలో నమోదు చేయింపవలెను. “పేరైనను పెట్టలేదు, వ్రాయుట దేనికి?” అందురు. వ్రాయనిచో ఊరిలో ఎందరు బిడ్డలు, ఏ కారణమున పోవుచున్నారో ఎన్నడును తెలియదు. తెలియని నష్టమును ఎవరును సరిదిద్దలేరు.

ఖర్చు భయముతో బిడ్డను మధ్యలోనే ఇంటికి తెచ్చుకొను కుటుంబములు కలవు. 2011 జూన్ 1న ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద జబ్బుపడిన శిశువునకు ప్రభుత్వాసుపత్రిలో మందులు, పరీక్షలు, వాహనము ఉచితము. మొదట 30 దినముల వరకే యున్న ఈ సౌకర్యము తరువాత ఏడాది వరకు పెంపబడినది. “ఇన్ని గొట్టములు పెట్టిరి, ఇంక ఆశ లేదు” అని కృంగిపోయిన తండ్రికి ఈ మాటయు, బుడగల సంగతియు విడమరచి చెప్పగల సభ్యుడు ఒక ప్రాణమును నిలిపినవాడగును.

ఇల్లు చేరిన తరువాత

ఊపిరి నిలిచి, బిడ్డ ఇల్లు చేరినంత మాత్రమున పని ముగియలేదు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున ఆరంభమైన కంగారూ సంరక్షణ, అనగా బిడ్డను తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు దినమునకు ఎనిమిది గంటలకు తక్కువ కాకుండ ఉంచుట, ఇంటిలోను కొనసాగవలెను. మన దేశము కూడ పాల్గొని 2021లో ప్రకటింపబడిన పరిశోధనలో, పుట్టిన వెంటనే ఇట్లు చేసినందున తక్కువ బరువు బిడ్డల మరణములు నాలుగవ వంతు తగ్గినట్లు తేలినది. తల్లి అలసినప్పుడు తండ్రియు, అమ్మమ్మయు బిడ్డను రొమ్ముపై పెట్టుకొనవచ్చును. పీల్చలేని బిడ్డకు వైద్యులు చెప్పిన మేరకు తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టవలెను.

రెండు కిలోలకు లోపుగానో, 34 వారములకు ముందో పుట్టిన బిడ్డకు నెల దాటకముందే కంటి వైద్యునిచే కంటి లోపలి పొర పరీక్ష చేయింపవలెను. పైకి కండ్లు చక్కగా నున్నవని ఉపేక్షింపరాదు. వేళ మించినచో చూపు తిరిగిరాదు. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములందు ఇంటికి వచ్చి బరువు, ఊపిరి, వెచ్చదనము చూడవలసియున్నది. పురిటి మైల పేరున ఆమెను వాకిటనే నిలుపక లోనికి పిలుచుట ఇంటి పెద్దల కర్తవ్యము.

పాట్రిక్ కెన్నెడీకి 1963లో లేని అవకాశము, మిరపచేల గట్టుపై పుట్టిన కూలి బిడ్డకు నేడు కలదు. సీసాడు నీరు, రెండు గొట్టములు, మేలుకొనియున్న నర్సు పట్టణమున సిద్ధముగా నున్నారు. అచ్చటికి తల్లిని వేళకు చేర్చు బాధ్యత ఊరిది. రాబోవు సమావేశమున రోడ్లు, దీపములు, పన్నుల నడుమ ఒక్క ప్రశ్నకు తావిండు: “మన వార్డులో ఎనిమిదవ నెల నడచుచున్న తల్లులు ఎందరు? ఈ రాత్రి వారిలో ఎవరికైన నొప్పులు వచ్చినచో బండి ఎవరిది?”